తిన్నది ఒంటికి పట్టేదెలా?

"పిల్లకు ఎంత పెట్టినా ఒంటికి పడతలేదు." ఊళ్లలో తల్లులు తరచుగా అనే మాట ఇది. ఇందులో పెద్ద నిజం ఉంది. తినడం వేరు. ఒంటికి పట్టడం వేరు.

నోట్లో పెట్టుకున్న బువ్వ కడుపులోకి పోతుంది. అంతటితో అది మనదైపోయిందా? కాలేదు. నోటి నుంచి మలద్వారం దాకా మన ఒంట్లో ఒక పొడుగాటి గొట్టం ఉంది. ఆ గొట్టంలో ఉన్నంతసేపు బువ్వ ఇంకా బయట ఉన్నట్టే లెక్క. వడ్ల బస్తా బండి మీద నుంచి వాకిట్లో దింపారు. అది ఇంట్లోకి వచ్చినట్టా? గడప దాటితేనే ఇంట్లోకి వచ్చినట్టు. బువ్వ కూడా ఒక గడప దాటాలి. ఆ గడప చిన్నపేగులో ఉంది.

కొడిమ్యాలలో ఒక ఇల్లు అనుకుందాం. వానకాలం. నాట్లు నడుస్తున్నాయి. అత్త ఇంటి దగ్గర బీడీలు చేస్తుంది. కొడుకు దుబాయిలో పని చేస్తున్నాడు. కోడలికి ఏడాదిన్నర పిల్ల ఉంది. పిల్లకు పొద్దుగాల నుంచి మోషన్లు. ఆరుసార్లు అయ్యాయి. అన్నీ నీళ్లే. కోడలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అత్త ఆపింది.

"నీళ్లు తాపకు బిడ్డా. తాపినకొద్ది పోతది. పేగుకు జర ఆరాం ఇయ్యాలె."

"నాలిక ఎండిపోతున్నది అత్తా."

అంతలో అంగన్‌వాడీ టీచర్ వచ్చింది. పిల్లను చూసింది. "ఏడిస్తే కండ్లల్ల నీళ్లు వస్తున్నయా?" అని అడిగింది. "తక్కువ వస్తున్నయి టీచర్" అంది కోడలు.

అత్తది తెలివి తక్కువతనం కాదు. ఆమె కళ్లారా చూసిన సంగతే చెప్పింది. ఉత్త నీళ్లు తాపితే, ఆ నీళ్లు పోతూనే ఉంటాయి. కానీ తాపకపోతే పిల్ల ఎండిపోతుంది. మరి ఏం చేయాలి? జవాబు తెలియాలంటే పేగు లోపలికి పోయి చూడాలి.

పేరుకే చిన్నపేగు

నోట్లో పళ్లు నములుతాయి. ఉమ్మి కలుస్తుంది. బువ్వ జీర్ణాశయంలోకి దిగుతుంది. అక్కడ పుల్లని రసం ఊరుతుంది. బువ్వ, పప్పు, కూర అన్నీ కలిసి జావ అవుతాయి. ఆ జావ కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి జారుతుంది.

చిన్నపేగు పేరుకే చిన్నది. సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 20 అడుగులు. పెద్దపేగు పొడవు 5 అడుగులే. ఇంత పొడుగు పేగు చుట్టలు చుట్టుకొని బొడ్డు చుట్టూ సర్దుకొని ఉంటుంది.

బోటి కడిగిన చేతులకు ఒక సంగతి తెలుసు. మేక చిన్నపేగును తిరగేసి చూస్తే లోపలి వైపు నున్నగా ఉండదు. మఖమల్ గుడ్డలాగా మెత్తని నూగు తగులుతుంది. మనిషి పేగూ అంతే. ఆ నూగులోని ఒక్కో పోగును చూషకం అంటారు. ఒక్కో చూషకం ఒక మిల్లీమీటరు కన్నా పొట్టిగా ఉంటుంది. ఇలాంటివి లక్షల కొద్దీ ఉన్నాయి. చూషకం మీద మళ్లీ కణాలు వరుసగా పేర్చి ఉంటాయి. ఇటుక పక్కన ఇటుక పేర్చినట్టు. ఒక్కో కణం నెత్తి మీద ఇంకా సన్నని నూగు వేల సంఖ్యలో ఉంటుంది. అది కంటికి ఆనదు. సూక్ష్మదర్శినిలోనే కనబడుతుంది.

ఇంత నూగు దేనికి? జాగ పెరగడానికి. ఉత్త గుడ్డ కన్నా తువాలు ఎక్కువ నీళ్లు పీలుస్తుంది కదా. పేగు లోపలి మడతలు, నూగు అన్నీ విప్పి పరిస్తే ఎంత జాగ వస్తుంది? టెన్నిస్ ఆడే మైదానమంత అని పాత పుస్తకాలు రాశాయి. 2014లో స్వీడన్ దేశపు పరిశోధకులు మళ్లీ లెక్క కట్టారు. అంత లేదు, సుమారు 30 చదరపు మీటర్లు అని తేల్చారు. అంటే 36 గజాల జాగ. చిన్న ఇల్లు కట్టుకోవచ్చు. ఒక్క పొట్టలో అంత జాగ ఇమిడి ఉంది. అదీ తక్కువేం కాదు.

నూనె గోడ

ఇప్పుడు గడప దగ్గరికి వచ్చాం. ఒక్కో కణం చుట్టూ ఒక పొర ఉంటుంది. దాన్ని కణపొర అంటారు. ఆ పొర కొవ్వుతో అల్లినది. ఎంత పల్చన అంటే, అలాంటి పొరలను ఒకదాని మీద ఒకటి లక్షకు పైగా పేరిస్తే ఒక మిల్లీమీటరు మందం అవుతుంది. పల్చనే కానీ గట్టి కాపలా.

చక్కెర నీళ్లలో కరుగుతుంది. అదే చక్కెరను చెంచాడు నూనెలో వేసి కలపండి. ఎంతసేపు కలిపినా కరగదు. అడుగునే కూర్చుంటుంది. ఉప్పూ అంతే. కణపొర కూడా నూనె లాంటిదే. అందుకే చక్కెర, ఉప్పు దానిలో నుంచి దూరి పోలేవు. పొరలో తలుపులు ఉండాలి. ఉన్నాయి. అవి మాంసకృత్తులతో చేసిన తలుపులు. ఒక్కో సరుకుకు ఒక్కో తలుపు.

పెద్ద సరుకు తలుపులో పట్టదు. ముందు దాన్ని విడగొట్టాలి. అన్నం మెతుకులో ఉండే పిండి పదార్థం ఒక దండ లాంటిది. గ్లూకోజు పూసలు వేల కొద్దీ గుచ్చిన దండ. పప్పు, గుడ్డు, మాంసంలో ఉండే మాంసకృత్తులు కూడా దండలే. వాటి పూసల పేరు అమైనో ఆమ్లాలు. క్లోమం నుంచి రసం వచ్చి ఈ దండలను తెంపుతుంది. పేగు గోడ మీద ఉండే రసాలు మిగిలిన ముక్కలను కత్తిరిస్తాయి. పూస పూస విడిపోయాక తలుపు దగ్గరికి చేరుతుంది. అమైనో ఆమ్లాలకు ఒక వెసులుబాటు ఉంది. రెండు మూడు పూసలు కలిసి ఉన్నా వాటికి వేరే తలుపు తెరుచుకుంటుంది.

జోడు ఉంటేనే తెరిచే తలుపు

గ్లూకోజు లోపలికి పోయే ముఖ్యమైన తలుపు చిత్రమైనది. గ్లూకోజు ఒక్కటే వస్తే తెరవదు. దానికి తోడు ఉప్పులోని సోడియం రావాలి. రెండు సోడియంలు, ఒక గ్లూకోజు. లెక్క ఇదీ. జోడు కుదిరితేనే తలుపు తిరుగుతుంది. రెండింటినీ ఒకేసారి లోపల దింపుతుంది.

సోడియం ఎందుకు లోపలికి ఉరుకుతుంది? కణం లోపల సోడియం తక్కువ. బయట ఎక్కువ. మిట్ట నుంచి పల్లానికి నీళ్లు పారినట్టు అది లోపలికి పారుతుంది. పారుతూ గ్లూకోజును చేయి పట్టి లాక్కుపోతుంది.

మరి లోపల సోడియం నిండిపోదా? నిండదు. కణం వెనక వైపు ఒక పంపు ఉంది. బావిలో ఊట ఊరుతుంటే మోటరు పెట్టి తోడుతున్నట్టు, అది సోడియంను ఎప్పటికప్పుడు అవతలికి తోడేస్తుంది. మూడు సోడియంలను బయటికి పంపి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. మోటరుకు కరెంటు కావాలి. ఈ పంపుకు కరెంటు ఏటీపీ అనే పదార్థం. ఈ పేరు గుర్తు పెట్టుకోవాలి. ముందు మళ్లీ వస్తుంది.

గ్లూకోజు కూడా వెనక తలుపులో నుంచి బయటపడి నెత్తురులో కలుస్తుంది. ఆ నెత్తురు నేరుగా కాలేయానికి పోతుంది. అప్పుడు బువ్వ గడప దాటినట్టు.

ఇంకొక్క సంగతి ఉంది. నీళ్ల సంగతి. నీళ్లు సొంతంగా నడవవు. ఉప్పు, చక్కెర ఎటు పోతే నీళ్లు అటు పోతాయి. మామిడికాయ తొక్కు పెట్టే ఇంట్లో ఇది అందరికీ తెలుసు. ముక్కల మీద ఉప్పు చల్లి మూత పెడితే తెల్లారేసరికి ముక్కల్లోని నీళ్లు బయటికి ఊరుతాయి. ఉప్పు లాగింది కాబట్టి వచ్చాయి. పేగులో కూడా ఉప్పు, చక్కెర జోడుగా గోడ దాటితే, వాటి వెంట నీళ్లు గోడ దాటుతాయి.

చక్కెర, సోడియం ఇలా జోడుగా పోతాయని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సభలో చెప్పాడు. అప్పుడు అది పండితుల ముచ్చట. దాని మీద లక్షల పిల్లల ప్రాణాలు నిలుస్తాయని ఆ రోజు సభలో కూర్చున్నవాళ్లు అనుకొని ఉండరు.

ఒక తలుపు చెడినా ఇంకొకటి చెడదు

పెద్ద మనిషి చిన్నపేగులోకి రోజూ సుమారు 9 లీటర్ల నీరు చేరుతుంది. అందులో మనం తాగింది, తిన్నది కలిపి 2 లీటర్లే. మిగతా 7 లీటర్లు ఒంట్లోనే ఊరిన రసాలు. ఇంత నీటిలో మలంలో పోయేది ఒక చిన్న గ్లాసెడు. మిగిలినదంతా పేగు వెనక్కి తీసుకుంటుంది.

మోషన్లు పట్టినప్పుడు ఈ లెక్క తప్పుతుంది. కలరా సూక్ష్మజీవిని చూడండి. అది ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషం కణంలోని ఒక తలుపును బార్లా తెరిచి పెడుతుంది. అందులో నుంచి ఉప్పు పేగులోకి పోతుంది. ఉప్పు వెంట నీళ్లు పోతాయి. ఒంట్లోని నీళ్లు పేగులోకి, పేగులో నుంచి బయటికి. పెద్ద మనిషినైనా కొద్ది గంటల్లో పీల్చి పారేస్తుంది. ఉత్త నీళ్లు తాపితే, లాక్కుపోయే తోడు లేక ఆ నీళ్లు పేగులోనే ఉండిపోయి బయటికి పోతాయి. అత్త చూసింది ఇదే.

కానీ కలరా విషం ఒక తలుపును మాత్రం ముట్టదు. ఉప్పు, చక్కెర జోడుగా పోయే తలుపును. అది ఎప్పటిలాగే పనిచేస్తుంది. వేరే రకాల మోషన్లలో కూడా అది చాలా వరకు పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి నీళ్లలో ఉప్పు, గ్లూకోజు సరైన లెక్కలో కలిపి తాపితే ఆ రెండూ ఆ తలుపు గుండా పోతాయి. నీళ్లను వెంట తీసుకుపోతాయి. ఒక వైపు పోతున్నా, ఇంకో వైపు ఒంట్లోకి చేరుతూ ఉంటుంది. మోషన్లు వెంటనే ఆగవు. పిల్ల మాత్రం ఎండిపోదు. ఓఆర్‌ఎస్ అంటే ఇదే.

ఇది 1971లో పెద్ద పరీక్షకు నిలిచింది. అప్పుడు బంగ్లాదేశ్ యుద్ధం. లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్‌లోని దవాఖానకు కలరా రోగులు వందల కొద్దీ వచ్చారు. మంచాలు చాలలేదు. నేల మీద పడుకోబెట్టారు. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. ఉప్పు, గ్లూకోజు, సోడా తూకం వేసి పొట్లాలు కట్టించాడు. డ్రమ్ముల్లో నీళ్లతో కలిపించాడు. రోగి పక్కన ఉన్న తల్లి చేతికి, అన్న చేతికి గ్లాసిచ్చి తాపమన్నాడు. అంతకుముందు అక్కడ 100 మందిలో 30 మంది చనిపోయేవారు. ఆ తర్వాత 100లో నలుగురి కన్నా తక్కువకు దిగింది. నర్సులు కాదు, ఇంటివాళ్లే తాపారు. అది గుర్తుంచుకోవలసిన సంగతి. ఆ డాక్టరు 2022లో కన్నుమూశాడు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

పాకెట్ మీద ఏం రాసి ఉంది?

కొడిమ్యాల ఇంటికి తిరిగి వద్దాం. టీచర్ ఆశా కార్యకర్తకు కబురు పెట్టింది. ఆమె ఓఆర్‌ఎస్ పాకెట్లు తెచ్చింది. వీటికి పైసలు అక్కర లేదు.

"ఎన్ని నీళ్లల్ల కలపాలె?" అని అత్త అడిగింది.

"దాని మీదనే రాసి ఉన్నదవ్వా. నీ కోడలు చదువుతది" అంది టీచర్.

కోడలు కూడబలుక్కొని చదివింది. ఒక లీటరు నీళ్లు. పాకెట్ మొత్తం ఒకేసారి. కాచి చల్లార్చిన నీళ్లను ఒక లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోసింది. పాకెట్ అంతా వేసి కలిపింది.

పాకెట్ మీద ఉన్న లెక్క ఉత్తగా రాసింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన లెక్క ప్రకారం లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు. సగం పాకెట్ గ్లాసులో వేసి, మిగతా సగం దాచిపెట్టడం తప్పు. తక్కువ నీళ్లలో కలిపితే చిక్కనవుతుంది. చిక్కనైతే మామిడికాయ ముక్కల సంగతే జరుగుతుంది. పేగులోని చక్కెర, ఉప్పు ఒంట్లోని నీళ్లను ఎదురు లాగుతాయి. మోషన్లు ఇంకా పెరుగుతాయి. ఎక్కువ నీళ్లలో కలిపితే పల్చనై పని తక్కువ చేస్తుంది. చిన్న పాకెట్లు కూడా దొరుకుతాయి. వాటికి ఒక గ్లాసు నీళ్లే. అందుకే ప్రతిసారి చదివి కలపాలి.

దుకాణంలో రంగు రంగుల డబ్బాలు కూడా ఉంటాయి. తియ్యగా ఉంటాయి. పిల్లలు ఇష్టంగా తాగుతారు. కొన్నిటి మీద ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పెద్దగా అచ్చు వేసి అమ్మారు. వాటిలో చక్కెర లెక్కకు చాలా మించి ఉండేది. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఎనిమిదేళ్లు కొట్లాడింది. హైకోర్టుకు కూడా పోయింది. చివరికి 2025 అక్టోబరులో దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశం ఇచ్చింది. తినే, తాగే సరుకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడరాదని చెప్పింది. మూడు అక్షరాల కోసం ఎనిమిదేళ్లా అనిపించవచ్చు. ఆ మూడు అక్షరాలను నమ్మే తల్లులు తమ పిల్లలకు ఆ నీళ్లు తాపుతారు. కూల్‌డ్రింకులు, డబ్బా పండ్ల రసాలు కూడా మోషన్లలో పనికిరావు. కారణం అదే చక్కెర.

పాకెట్ దొరకని వేళ ఇంట్లోనే కలుపుకోవచ్చు. ఒక లీటరు మంచి నీళ్లు. చాయ చెంచాతో 6 చెంచాల చక్కెర. అర చెంచా ఉప్పు. చెంచాను గుండు చేసి కాదు, పైన చదును చేసి కొలవాలి. కలిపి రుచి చూడాలి. కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపాలి.

"మా అవ్వ గంజిల ఉప్పేసి తాపేది" అంది అత్త.

ఆమె అవ్వ తప్పు చేయలేదు. గంజిలో గ్లూకోజు దండలుగా ఉంటుంది. పూస పూసగా నెమ్మదిగా విడిపోతుంది. అందుకే చిక్కటి చక్కెర నీళ్లలా ఎదురు లాగదు. ఉప్పు దానికి జోడవుతుంది. బియ్యప్పిండి కాచి చేసిన ఓఆర్‌ఎస్ కలరా రోగులకు బాగా పనిచేస్తుందని బంగ్లాదేశ్ డాక్టర్లు 1980లలో చూపించారు. గంజిలో ఉప్పు ఉండాలి. అది మరిచిపోతే తలుపుకు జోడు దొరకదు.

తాపే పద్ధతి కూడా తెలియాలి. రెండేళ్ల లోపు పిల్లలకు మోషన్ అయిన ప్రతిసారి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న గ్లాసులో పావు నుంచి సగం. గటగటా కాదు, చెంచాతో కొంచెం కొంచెంగా. కక్కుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. కలిపిన నీళ్లు ఒక రోజు దాటితే పారబోయాలి. జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. మోషన్లు ఆగినా మధ్యలో మానకూడదు.

కొన్ని గుర్తులు కనబడితే ఇంట్లో కూర్చోకూడదు. కళ్లు లోపలికి పోయాయా? పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మడత వెంటనే పోవడం లేదా? పిల్ల సోలిపోయి, తాగలేకపోతోందా? మలంలో నెత్తురు ఉందా? చాలాసేపటి నుంచి ఉచ్చ పోయలేదా? వెంటనే సర్కారు దవాఖానకు పోవాలి. దారిలో కూడా తాపుతూ పోవాలి.

మిగతా తలుపులు

నూనె దారి వేరు. కణపొర కొవ్వుదే కాబట్టి నూనెకు గోడ అడ్డం కాదు. దానికి అడ్డం నీళ్లు. పేగులో ఉన్నదంతా నీళ్ల జావ. నూనె దానిలో కలవదు. కాలేయం నుంచి వచ్చే పైత్యరసం సబ్బులా పనిచేస్తుంది. జిడ్డు గిన్నెను సబ్బు కడిగినట్టు నూనెను సన్నని తుంపరలు చేస్తుంది. గోడ దాటాక కూడా నూనె నేరుగా నెత్తురులోకి పోదు. పాలలాంటి తెల్లని రసంగా వేరే నాళాల్లో పోయి, గుండె దగ్గర నెత్తురులో కలుస్తుంది. ఏ విటమిన్ ఈ నూనె బండిలోనే ఎక్కి పోతుంది. ఆకుకూరను ఉత్త నీళ్లలో ఉడకబెట్టి తింటే అందులోని రంగు పదార్థం సగం వృథా. ఒక చెంచా నూనె పడాలి. మునగాకు, తోటకూర దేనికైనా ఇదే మాట.

ఇనుము తలుపు చిన్నపేగు మొదట్లోనే ఉంది. చాలా పిసినారి తలుపు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుములో కొంచెమే లోపలికి రానిస్తుంది. నిమ్మకాయ పిండితే ఎక్కువ వస్తుంది. చాయ తాగితే తగ్గుతుంది. చాయలోని వగరు ఇనుమును పట్టేసుకుంటుంది. బువ్వ తినగానే చాయ తాగే అలవాటు బీడీలు చేసే ఇళ్లలో చాలా ఉంది. పని తెమలదు, చాయతో నిద్ర ఆపుకోవాలి. చాయ మానమని చెప్పడం తేలిక. బువ్వకు, చాయకు మధ్య ఒక గంట ఎడం పెడితే చాలు. ఇనుము మాత్ర వేసుకునేటప్పుడూ ఇదే లెక్క.

ఎర్ర మాత్ర వెనక తెలుగువాడు

గర్భిణులకు సర్కారు ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుము ఒక్కటే ఉండదు. ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఈ విటమిన్ ఉంటుంది. దానికీ పేగులో సొంత తలుపు ఉంది. దీని కథలో పేగు జబ్బు ఒకటి ఉంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. ఆయన అన్న పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో చనిపోయాడు. స్ప్రూలో చిన్నపేగు లోపలి నూగు పొట్టిగా, మొద్దుగా అయిపోతుంది. తలుపులు తగ్గిపోతాయి. తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. కంచం నిండా తిన్నా మనిషి ఎముకల గూడవుతాడు. నాలుక పుండవుతుంది. నెత్తురు తగ్గిపోతుంది. ఒంటికి పట్టకపోవడం అంటే ఏమిటో ఆ ఇంట్లోవాళ్లు చూశారు. తర్వాత సుబ్బారావుకే స్ప్రూ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి మందుతో కోలుకున్నాడు. అప్పటికి ఇంగ్లీషు డాక్టర్ల దగ్గర దానికి సరైన మందు లేదు.

సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా పోయాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. వాళ్లిద్దరూ 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని వెలికి తీసినట్టు ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని వేరుగా కనుక్కున్నాడు. పైన చెప్పిన పంపుకు కరెంటు ఇచ్చేది ఈ ఏటీపీయే. పేగులోనే కాదు, ఒంట్లోని ప్రతి కణంలో ఉంటుంది.

తర్వాత ఆయన లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు పోయాడు. అంతకు ముందే, 1931లో, లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసింది. ఈస్టు సారం పెడితే వాళ్లకు నెత్తురు పడుతోందని కనిపెట్టింది. అందులో ఉన్న పదార్థం ఏదో అప్పుడు తెలియదు. అది ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు నడిపిన బృందం దాన్ని శుద్ధంగా తయారు చేసి 1945లో ప్రకటించింది. త్వరలోనే క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. చాలామందికి నెత్తురు పెరిగింది. ఆకలి తిరిగి వచ్చింది. స్ప్రూ రోగులకు ఇప్పటికీ యాంటీబయాటిక్‌తో పాటు ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. సుబ్బారావు మళ్లీ ఈ దేశానికి రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులో 53 ఏళ్లకే చనిపోయాడు.

ఫోలిక్ ఆమ్లానికి, పేగుకు ఇంత సంబంధం ఎందుకంటే, పేగు కణాలు మూడు నుంచి ఐదు రోజులే బతుకుతాయి. చూషకం అడుగున కొత్త కణాలు పుడతాయి. మెల్లగా పైకి జరుగుతాయి. కొసకు వచ్చి రాలిపోతాయి. వరి పైరులా ఎప్పుడూ కొత్త పిలక పుడుతూనే ఉండాలి. ఫోలిక్ ఆమ్లం తక్కువైతే కొత్త కణాలు సరిగా పుట్టవు. నూగు మొద్దుబారుతుంది. నూగు మొద్దుబారితే తిన్న ఫోలిక్ ఆమ్లం కూడా లోపలికి పోదు. ఒకదాన్ని ఒకటి కిందికి లాగుతాయి.

కొన్ని రకాల మోషన్లలో కూడా నూగు కొంత రాలుతుంది. చిన్నపిల్లలకు వచ్చే రోటా వైరస్ జబ్బు ఇలాంటిదే. కానీ కొత్త కణాలు పుట్టుకొస్తాయి. వాటికి తిండి కావాలి. పేగు కణాలు తమ తిండిలో కొంత నేరుగా పేగులో ఉన్న బువ్వ నుంచే తీసుకుంటాయి. పేగుకు ఆరాం ఇస్తున్నామని పస్తు పెడితే కొత్త నూగు మొలిచేది ఆలస్యమవుతుంది. అందుకే మోషన్ల రోజుల్లో కూడా మెత్తటి బువ్వ, పప్పు కట్టు, పెరుగు, అరటిపండు పెడుతూ ఉండాలి. తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట ఎక్కువ పెట్టాలి.

కొడిమ్యాల ఇంట్లో ఆ రాత్రి అత్త, కోడలు వంతులు వేసుకున్నారు. ఒకరు పిల్లను ఒళ్లో పెట్టుకుంటే ఒకరు చెంచాతో తాపారు. మోషన్లు అవుతూనే ఉన్నాయి. తాపడమూ ఆపలేదు. తెల్లవారుజామున పిల్ల ఉచ్చ పోసింది. పొద్దెక్కాక పాలకు ఏడ్చింది. కండ్లల్లో నీళ్లు కనబడ్డాయి. దుబాయి నుంచి ఫోను వస్తే అత్తే మాట్లాడింది.

"ఏం రంది పడకు బిడ్డా. ఉప్పు, చక్కెర జోడు కలిపి తాపినం. లీటరుకు ఒక్క పాకెట్."

మిగిలిన రెండు పాకెట్లను ఆమె గూట్లో దేవుని పటం పక్కన పెట్టింది. జింకు మాత్రలు వేసిన రోజు వేసినట్టు కోడలు గోడ క్యాలెండర్ మీద గీత గీస్తోంది. పద్నాలుగు గీతలు కావాలి. ఇప్పటికి ఒకటి అయింది.